స్కూటరు ముందు కాళ్లు

పలివెల కోనసీమలోని ఊరు. కొత్తపేట మండలంలో ఉంది. చుట్టూ కొబ్బరి తోటలు, వరి చేలు, కాలువలు. కాలువ గట్ల మీద రోడ్లు. రోడ్ల మీద గుంటలు. వానాకాలంలో గుంట నిండా నీళ్లు నిలుస్తాయి. అది ఎంత లోతో పైకి తెలియదు.

ఇలాంటి రోడ్ల మీద స్కూటరు నడిపే ఆడవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. పిల్లల్ని బడి దగ్గర దింపుతారు. పొదుపు సంఘం డబ్బు కట్టడానికి బ్యాంకుకు వెళతారు. కొబ్బరికాయల సంచి పెట్టుకుని కొత్తపేట వెళతారు.

గుంటలో పడితే మొదటి దెబ్బ ముందు చక్రానికే. ఆ దెబ్బ చేతులకు, నడుముకు తగలకుండా కాపాడేవి ముందు ఫోర్కులు. వీటినే ముందు షాకులు అని కూడా అంటారు. ఇవి బండికి ముందు కాళ్లు. ఇవి పాడైతే ఎలా గుర్తుపట్టాలి? ఎలా బాగుచేయించాలి? చదివి తెలుసుకోండి.

లోపల ఏముంది?

ముందు చక్రానికి అటొక కాలు, ఇటొక కాలు ఉంటాయి. ఒక్కో కాలికి రెండు గొట్టాలు. పైది సన్నగా ఉంటుంది, నున్నగా మెరుస్తుంది. కిందది లావుగా ఉంటుంది. సన్న గొట్టం లావు గొట్టంలోకి దిగుతుంది. మళ్లీ పైకి వస్తుంది. లోపల పొడుగాటి స్ప్రింగు ఉంటుంది. కొంచెం నూనె కూడా ఉంటుంది.

స్ప్రింగు బరువు మోస్తుంది. నూనె ఊపు ఆపుతుంది.

స్ప్రింగు ఒక్కటే ఉంటే అణుగుతుంది, లేస్తుంది. మళ్లీ అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. బండి ఊగుతూనే ఉంటుంది. నూనె ఉంటే అలా కాదు. గొట్టం కదిలినప్పుడు నూనె సన్నని బెజ్జాల్లోంచి దూరి వెళ్లాలి. పిచికారీని ఎంత గట్టిగా నొక్కినా నీళ్లన్నీ ఒక్కసారే బయటికి రావు కదా! ఇదీ అంతే. నూనె మెల్లగా కదులుతుంది. అందుకే ఊపు తగ్గుతుంది.

రెండు గొట్టాలు కలిసేచోట ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. దాని పేరు ఆయిల్ సీలు. ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు ఇది నూనెను లోపలే ఉంచుతుంది. దాని పైన ఇంకో రబ్బరు ఉంటుంది. అది దుమ్మును లోపలికి రానివ్వదు.

ఇలాంటి నూనె ఫోర్కులను జర్మనీలోని బీఎండబ్ల్యూ కంపెనీ 1935లోనే తన మోటారు సైకిళ్లకు పెట్టింది. అయితే అన్ని స్కూటర్లకూ ఇవి ఉండవు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ ముందు చక్రానికి ఒకవైపే ఆసరా ఉంటుంది. 2013లో వచ్చిన టీవీఎస్ జూపిటర్‌కు, 2020లో వచ్చిన ఆక్టివా 6జికి గొట్టాల ఫోర్కులు ఉన్నాయి. మీ బండి ఏ రకమో ముందు చూసుకోండి.

పాడైతే గుర్తులు

సన్న గొట్టం మీద నూనె తడి కనిపిస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా ఉంటుంది. గుంటలో పడితే "ఠక్" మని శబ్దం వస్తుంది. బ్రేకు వేస్తే బండి ముందు భాగం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. దారిలో బండి ఊగుతుంది.

సీలు ఎందుకు పాడవుతుంది? బురద గొట్టం మీద ఎండుతుంది. అందులోని ఇసుక రబ్బరును గీస్తుంది. గొట్టానికి తుప్పు పట్టినా సీలు కోసుకుపోతుంది. అందుకే వానలో తిరిగి వచ్చాక తడిగుడ్డతో గొట్టం తుడవాలి. ఇది రెండు నిమిషాల పని.

నూనె కారినా బండి నడుస్తుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ నూనె కిందికి జారి బ్రేకులోకి చేరితే బ్రేకు పట్టదు. ఊగే చక్రం రోడ్డును సరిగా పట్టుకోదు. వెనక బిడ్డను కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీద వెళ్లేటప్పుడు ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

షెడ్డు దగ్గర

పలివెలలో ఒకామె బండికి ఇలాగే నూనె కారింది అనుకోండి. ఆమె బండిని షెడ్డుకు తీసుకువెళ్లింది.

"ఫోర్కులు రెండూ మార్చెయ్యాలండి," అన్నాడు మెకానిక్కు.

"గొట్టాలు వంగాయా తమ్ముడూ?"

"విప్పితేగాని తెలీదండి."

"అయితే విప్పి చూడు. గొట్టాలు బాగుంటే సీళ్లు, నూనె మార్చు చాలు. వంగితే నాకు చూపించు. అప్పుడు ఫోర్కులు మారుద్దాం. ఏం మార్చినా కాగితం మీద రాసివ్వు. చదువుకుంటాను."

"ఆయ్, అలాగేనండి!"

ఆమె అడిగిన మాట సరైనది. సీలు చిన్న రబ్బరు చుట్టు. మొత్తం ఫోర్కు ఖరీదు దానికంటే చాలా ఎక్కువ. గొట్టం వంగినా, లోతుగా తుప్పు తిన్నా మాత్రం మార్చక తప్పదు. అక్కడ డబ్బు చూసుకోకూడదు.

పని ఎలా జరుగుతుంది?

1. బండిని పెద్ద స్టాండు మీద నిలబెడతారు. ముందు చక్రం పైకి లేచేలా కింద దిమ్మ పెడతారు. బండి కదలకూడదు.

2. బ్రేకు, చక్రం, మడ్‌గార్డు విప్పుతారు. తరువాత కాళ్లను బిగించిన బోల్టులు వదులు చేసి, రెండు కాళ్లనూ కిందికి లాగుతారు.

3. పై మూత తీస్తారు. లోపల స్ప్రింగు ఒత్తిడితో ఉంటుంది. మూత ఎగిరి తగలవచ్చు. అందుకే ముఖం పక్కకు పెట్టుకోవాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

4. పాత నూనెను డబ్బాలోకి వంపుతారు. గొట్టాలు విడదీసి పాత సీలు తీస్తారు.

5. అన్నీ కడిగి తుడుస్తారు. సన్న గొట్టాన్ని చదునైన చోట దొర్లించి చూస్తారు. వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది.

6. కొత్త సీలుకు నూనె రాసి, తిన్నగా లోపలికి దించుతారు. పక్కకు ఒరిగితే మళ్లీ కారుతుంది. ఒక కాలే కారినా రెండు కాళ్లకూ సీళ్లు మార్చడం మంచిది.

7. కొత్త నూనె కొలిచి పోస్తారు. రెండు కాళ్లకూ సమానంగా పోయాలి. తక్కువైతే ఫోర్కు అడుగు తగులుతుంది. ఎక్కువైతే గట్టిపడి సీలు మీద ఒత్తిడి పెరుగుతుంది.

8. అన్నీ బిగించి, బ్రేకు సరిచూస్తారు.

అంకెలు చదవండి

ఫోర్కులో పోసేది ఫోర్కు ఆయిలు. ఇంజను నూనె పోయించకండి. దాని చిక్కదనం వేరు. ఏ నూనె పోయాలో, ఎంత పోయాలో కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. సీసా మీద ఎన్ని మిల్లీలీటర్లో రాసి ఉంటుంది.

సీలు మీద కూడా మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 30, 40, 10 అని ఉంటే లోపలి వెడల్పు 30 మి.మీ., బయటి వెడల్పు 40 మి.మీ., మందం 10 మి.మీ. అని అర్థం. పాత సీలు మీది అంకెలు, కొత్త సీలు మీది అంకెలు ఒకటేనా? పక్కపక్కన పెట్టి చూడండి.

బండి తీసుకునే ముందు

బండి ఎక్కి ముందు బ్రేకు పట్టండి. హ్యాండిలును ఐదారుసార్లు కిందికి నొక్కండి. ఫోర్కు మెత్తగా దిగి, మెల్లగా లేవాలి. గొట్టం మీద వేలు పెట్టి చూడండి. నూనె అంటకూడదు. మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. రెండు రోజుల తరువాత గొట్టాన్ని మళ్లీ చూడండి.

పాత నూనెను కాలువలో పోయనివ్వకండి. కాలువ నీళ్లు చేలకు పోతాయి. పశువులు తాగుతాయి. ఆ నూనెను డబ్బాలో పోసి మూత పెట్టి, పాత నూనె కొనేవారికి ఇవ్వాలి.

బండి బాగుచేసేది మెకానిక్కే కావచ్చు. కానీ దాని మీద ప్రయాణం చేసేది మీరు, మీ బిడ్డలు. అందుకే అడగండి. చూడండి. చదవండి.

ఆలోచించి చెప్పండి

1. స్ప్రింగు పని ఏమిటి? నూనె పని ఏమిటి?

2. ఫోర్కు నూనె కారితే బ్రేకుకు ఏమవుతుంది?

3. ఆమె మెకానిక్కును ఏమని అడిగింది? ఎందుకు అడిగింది?

4. ఒక కాలికి 90 మి.లీ. నూనె కావాలి అనుకోండి. రెండు కాళ్లకు ఎంత కావాలి? 350 మి.లీ. సీసాలో ఇంకా ఎంత మిగులుతుంది?

5. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న స్కూటరు ముందు ఫోర్కు చూడండి. మీరు చూసింది ఐదు వాక్యాల్లో రాయండి.