త్రిభుజం కంటే ముందు భాగహారం

చిరంజీవి అమ్మాయికి,



జీడిమెట్ల బడిలో ఎనిమిదో తరగతి లెక్కలు నీకే ఇచ్చారని, చతుర్భుజాల నిర్మాణాలు మొదలుపెట్టే ముందు పిల్లలకు కింది తరగతుల లెక్కలు ఏమాత్రం వచ్చో ఒక పరీక్ష పెట్టి చూడాలా వద్దా అని స్టాఫ్ రూములో వాదన నడుస్తోందని రాశావు. పెట్టమనే నా సలహా. అయితే ఏం అడగాలి, ఆ కాగితాలు చూశాక ఏం చెయ్యాలి అన్నచోట నా మాట మీ వాళ్లలో ఏ పక్షానికీ పూర్తిగా రుచించకపోవచ్చు.

ముందు ఒక్క లెక్క తీసుకో. ఒక సరళరేఖ మీద పక్కపక్కనే ఉన్న రెండు కోణాలు, అంటే రేఖీయ ద్వయం, 2:3 నిష్పత్తిలో ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంత? ఇందులో జ్యామితి ఎంతుందో చూడు. రెండూ కలిపితే 180 డిగ్రీలు అన్న ఒక్క ముక్క. మిగతాదంతా అంకగణితమే: రెండూ మూడూ ఐదు భాగాలు, 180ని ఐదుతో భాగిస్తే 36, కాబట్టి 72, 108. కోణాల మొత్తం 180 అని తెలిసిన పిల్లవాడు కూడా భాగహారం దగ్గర ఆగిపోయి కాగితం ఖాళీగా ఇస్తాడు. అప్పుడు మనం ఏం చేస్తాం? వీడికి రేఖీయ ద్వయం అర్థం కాలేదనుకుని మర్నాడు మళ్లీ రేఖీయ ద్వయమే చెబుతాం. వాడికి వచ్చిన ముక్కే రెండోసారి వింటాడు, రాని ముక్క ఎవరూ చెప్పరు. జ్యామితి కష్టమని పిల్లలు అనుకోవడంలో సగం పాపం ఇలాంటి తప్పుడు నిర్ధారణదే. నీ పరీక్ష ఈ రెంటినీ విడదీసి చూపించడానికే తప్ప, ఎవరికి ఎన్ని మార్కులో తేల్చడానికి కాదు.

ఇది నా ఊహ కాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ నివేదికలు ఇచ్చే భాగహారం సరిగ్గా ఈ రకమే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. 2023లో గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగితే ఆ లెక్క సరిగా చేసినవాళ్లు 43 శాతం చిల్లర. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది స్కేలు ప్రశ్న. వస్తువును సున్నా దగ్గర నుంచి పెట్టి పొడవెంత అని అడిగితే దాదాపు 85 శాతం మంది చెప్పారు. అదే వస్తువును మధ్యలో ఏదో గీత దగ్గర మొదలయ్యేలా జరిపి అడిగితే 39 శాతానికి పడిపోయింది. అంటే దాదాపు సగం మంది పిల్లలకు స్కేలు మీద చివర కనబడిన అంకె చదవడం వచ్చు గానీ, పొడవంటే రెండు గీతల మధ్య తేడా అన్నది రాదు. జీడిమెట్ల పల్లెటూరు కాదు, ఆ అంకెలు నీ తరగతికి యథాతథంగా వర్తిస్తాయని నేను అనను. అలాగే నీ తరగతి వాటికి అతీతం అనుకోవడానికీ ఆధారం లేదు. 4.5 సెంటీమీటర్ల భుజం గీయమని చెప్పే ముందు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఇంకొకటి. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఢిల్లీ పిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉంటే, తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. బడికి వస్తూనే ఉన్నారు, పాఠాలు జరుగుతూనే ఉన్నాయి, దూరం మాత్రం పెరుగుతూనే ఉంది. పాఠం పుస్తకం వేగంతో సాగుతుంది, పిల్లవాడు ఎక్కడో వెనకే నిలబడిపోతాడు. ‘పై తరగతికి పోతే వాళ్లే సర్దుకుంటారు’ అనే పెద్దవాళ్లకు ఈ ఒక్క అంకె చూపించు.

ముందు అంకగణితం, తర్వాత జ్యామితి అన్న ఈ వరుస కొత్తగా ఎవరో కనిపెట్టింది కూడా కాదు. మన పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో తెలుగు చేసిన మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం మూలం తీసి చూడు. పరికర్మలు, అంటే గుణకార భాగహారాల వంటి క్రియలు, తర్వాత భిన్నాలు, ఆ తర్వాత త్రైరాశికం. ఇవన్నీ అయ్యాకే క్షేత్రగణితం. మన ఎనిమిదో తరగతి పుస్తకమూ అంతే. అకరణీయ సంఖ్యలు, ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు, ఆ తర్వాతే చతుర్భుజాలు. పుస్తకం వరుస బాగానే ఉంది. అందులో రెండు అధ్యాయాలు చెప్పేశాం గనుక అవి వచ్చేసినట్టే అని మనం అనుకోవడంలోనే తేడా.

ఇక అభ్యంతరాలు. ‘తొలిమెట్టు, ఉన్నతి కార్యక్రమాలు వచ్చాయి కదా, బేస్‌లైన్ పరీక్ష పెట్టే ఉన్నాం కదా’ అంటారు. పెట్టారు, మంచిదే. ఆరు నుంచి తొమ్మిది తరగతులకు 2023లో ఉన్నతి రావడం సరైన పనే. కానీ ఏడాది మొదట పెట్టే ఆ పరీక్ష పిల్లవాడి స్థాయిని మొత్తంగా చెబుతుంది. వచ్చే వారం చెప్పబోయే ఫలానా పాఠానికి ఫలానా నైపుణ్యం ఉందా లేదా అన్నది దాని పని కాదు. నీకు కావలసింది అర పీరియడ్‌లో అయిపోయే పది ప్రశ్నలు. ‘సిలబస్‌కే టైం చాలదు’ అన్న మాటకూ ఇదే జవాబు: తప్పుడు నిర్ధారణతో ఒకే పాఠం రెండుసార్లు చెప్పడానికి పట్టే పీరియడ్లు లెక్కేసి చూసుకోమను.

గట్టి అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకు. జ్యామితి అంటే ఆకారం, తర్కం. లెక్కల్లో వెనకబడ్డ పిల్లలే కొందరు ఇక్కడ మెరుస్తారు, పరీక్ష పేరుతో వాళ్లను గడప దగ్గరే ఆపేస్తారా అని. నిజమే. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లోనే చెప్పింది ఇదే: పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూస్తారు, తర్వాత దాని ధర్మాలు గమనిస్తారు, ఆపైన ధర్మాల మధ్య సంబంధం, ఆ తర్వాత నిరూపణ. ఈ మెట్లలో ఎక్కడా భాగహారం లేదు. చతురస్రాన్ని కాస్త వంచి మూల మీద నిలబెట్టి గీస్తే ‘ఇది డైమండ్ సార్’ అనే పిల్లవాడికి ఎక్కాలన్నీ వచ్చి ఉండవచ్చు. ఎక్కాలు రాని పిల్ల ‘తిప్పితే చతురస్రం కాకుండా పోతుందా’ అని అడగవచ్చు. కాబట్టి ఈ పరీక్షతో ఎవరినీ జ్యామితి నుంచి ఆపకు, వేరే బెంచీల్లో కూర్చోబెట్టకు, మార్కులు చదవకు. ఆ వంచిన చతురస్రాన్ని కూడా నీ పది ప్రశ్నల్లో చేర్చు. కానీ అభ్యంతరం అక్కడితో ఆగుతుంది. మన అభ్యాసాల్లో, పరీక్షల్లో వచ్చే జ్యామితి ఎక్కువ భాగం ‘ఎక్స్ విలువ ఎంత’ అన్న రూపంలోనే ఉంటుంది. తర్కంలో ముందున్న పిల్ల అక్కడ భాగహారం రాక ఓడిపోతే, ఆమెను కాపాడినట్టు ఎలా అవుతుంది?

నువ్వు పని చేసే చోటును బట్టి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. షాపూర్‌నగర్, సూరారం, గాజులరామారం చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో పెద్దవాళ్లు ఫ్యాక్టరీల్లో, లేత్ మెషీన్ల మీద పనిచేస్తారు. కొందరు పిల్లలు సాయంత్రం కిరాణా కొట్టులోనో కూరగాయల బండి దగ్గరో కూర్చుంటారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో కష్టమైన లెక్కలు నోటితో టకటకా చెప్పిన పిల్లలు, బడి పద్ధతిలో కాగితం మీద రాసిన మామూలు లెక్కల దగ్గర తడబడ్డారు. బజారు పని తెలియని బడి పిల్లలు కాగితం మీద నయం, బజారు లెక్కలో తడబాటు. ఒకచోట నేర్చినది రెండోచోటికి దానంతటది పోవడం లేదన్నమాట. అందుకే నీ పరీక్షలో ఒకే లెక్కను రెండు రకాలుగా అడుగు. కాగితం మీద 180 ÷ 5 రాయించు. తర్వాత తప్పు చేసినవాళ్లను దగ్గరికి పిలిచి, ‘నూట ఎనభై రూపాయలు ఐదుగురు సమంగా పంచుకుంటే తలా ఎంత వస్తుంది?’ అని నోటితో అడుగు. రెండూ రానివాడికి భాగహారమంటే ఏమిటో చెప్పాలి. నోటితో చెప్పి కాగితం మీద తప్పినవాడికి భాగహారం వచ్చు. వాడికి చూపించాల్సింది ఆ రాత పద్ధతి తన లెక్కే అన్న సంగతి. ఇద్దరికీ మార్కు సున్నాయే, మందు మాత్రం వేరు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త: ప్రశ్నల్లో మాటలు తగ్గించు, అంకెలూ బొమ్మలూ ఎక్కువ పెట్టు. రెండు భాషల పుస్తకాల మధ్య నలిగే పిల్లవాడికి ప్రశ్న అర్థం కాకపోతే అది లెక్క రాకపోవడం కాదు.

మిగతా ప్రశ్నలకు పెద్దగా ఆలోచించనక్కర్లేదు, ఇలాంటివి చాలు: 3.5, 3.25లో ఏది పెద్దది; సున్నా దగ్గర విరిగిన స్కేలు మీద గీత పొడవెంత; 3/4కు సమానమైన భిన్నం; x + 40 = 180; అరవై డిగ్రీల కోణం బొమ్మ ఇచ్చి కోణమానినితో కొలవమనడం. చివరిదాన్ని 120 అని రాసేవాళ్లుంటారు, అంకెలు రెండు వరుసలుంటాయి గనుక. ఆ కోణం లంబకోణం కంటే చిన్నదని కళ్లముందే కనబడుతున్నా 120 అని రాశారంటే, కొలిచే ముందు అంచనా వెయ్యడం అలవాటు లేదని అర్థం. కాగితాలు దిద్దేటప్పుడు తప్పు పక్కన ఇంటూ కొట్టి ఊరుకోకు, 3.25 పెద్దదన్నవాడు 25ను 5తో పోల్చాడని అక్కడే చిన్నగా రాసుకో.

ఆ తర్వాత చెయ్యాల్సిన పని దగ్గర చాలామంది పొరపాటు పడతారు: తప్పులు చూసి కంగారుపడి, నెల రోజులు జ్యామితి ఆపేసి అంకగణితం మొదలుపెడతారు. వద్దు. ఏ పాఠానికి ఏది కావాలో అది ఆ పాఠానికి ముందే, రోజూ పది నిమిషాలు చెప్పు. నిర్మాణాలు మొదలుపెట్టే రోజుల్లో స్కేలు, దశాంశాలు. కోణాల లెక్కలు వచ్చే వారంలో 180, 360లను భాగాలు చెయ్యడం. వైశాల్యాలు వచ్చేటప్పుడు దశాంశాల గుణకారం. మిగతా సమయమంతా జ్యామితే నడవనీ. అవసరం ఎదురుగా కనబడుతుంటే భాగహారం నేర్చుకోవడానికి పిల్లలకూ ఒక కారణం దొరుకుతుంది. ఆ పది ప్రశ్నల కాగితాలను పారెయ్యకుండా దాచు. దసరా సెలవుల తర్వాత అవే ప్రశ్నలు అంకెలు మార్చి మళ్లీ పెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడు. మొదటిసారి ఏం తప్పు చేశారో నువ్వు రాసుకున్నదే అప్పుడు పనికొస్తుంది. ప్రశ్నపత్రం తయారయ్యాక ఒక కాపీ నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
పెద్దనాన్న