కత్తికి తూకం ఎక్కడ?

విద్యార్థులారా! ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. వంటింట్లోంచి ఒక గరిటె తెచ్చుకొని, దాని కాడను మీ చూపుడువేలిమీద అడ్డంగా నిలబెట్టండి. వేలిని కాస్త అటూ ఇటూ జరుపుతూ పోతే, ఒకేఒక్క చోట గరిటె ఏ వైపూ వాలకుండా నిలుస్తుంది. ఆ చోటు గరిటె పొడవుకు సరిగ్గా మధ్యలో ఉండదు. బరువైన గిన్నె వైపుకు జరిగి ఉంటుంది. గరిటె బరువంతా ఒకే బిందువు దగ్గర ఉన్నట్లు భావించవచ్చునని, ఆ బిందువునే గరిమనాభి అంటారని మీరు చదువుకున్నారు. మీ వేలు ఇప్పుడు సరిగ్గా దానికి కింద ఉంది.

పనిముట్టు చేసేవాడికి ఈ బిందువుతో చాలా పని ఉంది. అది ఎక్కడ ఉండాలో తెలియక చేసిన కత్తి ఎంత పదునైనదైనా చేతికి బరువే. అడ్డాకులు కోసేవారు, తేనె తీసేవారు, పశువుల కాపరులు, అడవుల్లో శిబిరాలు వేసే స్కౌట్లు రోజంతా ఆరుబయట కత్తితో పనిచేస్తారు. ఒకసారి తిప్పినప్పుడు తెలియని భారం, వెయ్యిసార్లు తిప్పాక మణికట్టుకు తెలుస్తుంది. అలసిన చేతిలోంచే కత్తి జారుతుంది. కనుక తూకం అనేది అందం కోసం చూసుకొనేది కాదు. చేతివేళ్ళ క్షేమానికి సంబంధించినది. అటువంటి కత్తి ఒకదాన్ని ఈ పాఠంలో మనం కాగితంమీద తయారుచేద్దాం.

కత్తిలోని భాగాలు

కోసే ఇనుప భాగం అలుగు. దాని పదునైన అంచు వాదర. వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచును వెన్ను అందాం. చివరి కొస మొన. చేత్తో పట్టుకొనేది పిడి. అలుగునుంచి పిడిలోకి సాగే ఇనుప భాగం పైకి పెద్దగా కనిపించదు. దాన్ని మనం తోక అని పిలుద్దాం. కత్తి బలమూ, తూకమూ చాలావరకు ఈ తోకమీదనే ఆధారపడి ఉంటాయి.

మడిచే చాకు చాలదా?

జేబులో పెట్టుకోవడానికి మడిచే చాకు బాగుంటుంది. కానీ దాని బలమంతా ఒక చిన్న మేకుమీద, దాన్ని తెరిచి ఉంచే బిళ్ళమీద ఉంటుంది. 12 సెం.మీ. అలుగు మొనను చెక్క సందులో దూర్చి 5 కిలోల బరువుకు సమానమైన బలంతో మీటారనుకోండి. మేకునుంచి ఆ బిళ్ళ 1 సెం.మీ. దూరంలో ఉంటే, దానిమీద పడే బలం 5 × 12 = 60 కిలోల బరువుకు సమానం! తులాదండ సూత్రం మనకు సాయపడినట్లే మనమీద తిరగబడుతుంది కూడా. అందుకే ఆరుబయట మోటుపనికి అలుగూ తోకా ఒకే ఇనుప ముక్కగా ఉండే, మడవని కత్తి కావాలి.

వాదర ఎంత సన్నగా ఉండాలి?

పీడనం అంటే ఒక ప్రమాణ వైశాల్యంమీద పనిచేసే బలం. ఒక కత్తి వాదర మందం 0.01 మి.మీ. అనుకుందాం. అది 10 మి.మీ. పొడవున కర్రను తాకుతూ ఉంటే, తాకే వైశాల్యం 0.1 చదరపు మి.మీ. మీరు 10 న్యూటన్ల బలంతో, అంటే సుమారు ఒక కిలో బరువుతో నొక్కితే పీడనం ఒక చదరపు మి.మీ.కు 100 న్యూటన్లు. అదే వాదర మొద్దుబారి 0.1 మి.మీ. అయితే పీడనం 10 న్యూటన్లకు పడిపోతుంది. మునుపటిలా కోయాలంటే పది రెట్లు నొక్కాలి. అలా నొక్కినప్పుడు కత్తి పట్టుతప్పితే చేతి గతి ఏమవుతుందో ఊహించండి. మొద్దు కత్తి పదునైన కత్తికన్నా ప్రమాదకరమని పెద్దలు చెప్పడంలో ఉన్న లెక్క ఇదే.

అలాగని వాదరను మరీ పలుచగా చేస్తే ముడికర్ర తగలగానే పెచ్చు ఊడిపోతుంది. మంగలికత్తికి పలుచని కోణం, గొడ్డలికి లావుపాటి కోణం అవసరం. ఆరుబయట వాడే కత్తికి వాదర దగ్గర రెండు పక్కలూ కలిసి 30 నుంచి 40 డిగ్రీల కోణం సరిపోతుంది.

వెన్ను మందం

పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. మందం రెట్టింపైతే ఆ శక్తి 2 × 2 × 2 = 8 రెట్లు. 3 మి.మీ. పలకకన్నా 4 మి.మీ. పలక సుమారు 2.4 రెట్లు గట్టిగా నిలుస్తుంది. బరువు మాత్రం మూడోవంతే పెరుగుతుంది. కనుక మన కత్తికి వెన్ను దగ్గర 4 మి.మీ. మందం తీసుకుందాం. అక్కడినుంచి వాదరదాకా ఏటవాలుగా పలుచబడేటట్లు చేస్తే, అడ్డుకోత సన్నని త్రిభుజంలా ఉంటుంది.

ఇక తూకం లెక్క

అలుగు పొడవు 12 సెం.మీ., వెడల్పు 3 సెం.మీ. అనుకుందాం. మొదటి 8 సెం.మీ. ఒకే వెడల్పు, చివరి 4 సెం.మీ. మొనదాకా సన్నబడుతుంది. ఉక్కు సాంద్రత ఘన సెం.మీ.కు 7.8 గ్రాములు. ఈ కొలతల ప్రకారం అలుగు బరువు సుమారు 47 గ్రాములు. దాని గరిమనాభి అలుగూ పిడీ కలిసేచోటునుంచి 5 సెం.మీ. ముందుకు ఉంటుంది. ఆ కలిసేచోటును 'సంధి' అందాం. దూరాలన్నీ అక్కడినుంచే కొలుద్దాం.

అలుగు వైపు భ్రామకం: 47 × 5 = 235.

పిడి పొడవు 11 సెం.మీ. తోక పిడి చివరిదాకా 2.5 సెం.మీ. వెడల్పుతో, 4 మి.మీ. మందంతో సాగుతుంది. దాని బరువు 86 గ్రాములు. గరిమనాభి సరిగ్గా మధ్యలో, అంటే 5.5 సెం.మీ. వెనుక. తోకకు రెండు వైపులా 8 మి.మీ. మందంగల నల్లతుమ్మ చేవ బద్దలు పెట్టి రివిట్లు కొడదాం. చేవ సాంద్రత సుమారు 0.8. రెండు బద్దలూ కలిసి 35 గ్రాములు. రివిట్ల బరువు స్వల్పం కనుక వదిలేద్దాం.

పిడి వైపు భ్రామకం: 86 × 5.5 + 35 × 5.5 = 665.5.

రెండు వైపులా సమానంగా లేవు. తేడా 430.5. కత్తి మొత్తం బరువు 47 + 86 + 35 = 168 గ్రాములు. 430.5ను 168తో భాగిస్తే 2.6 వస్తుంది. అంటే కత్తి గరిమనాభి సంధికి 2.6 సెం.మీ. వెనుక, మీ నడిమివేలి కింద ఉంది. తోక బలంగా ఉండాలని ఇనుమంతా అటే పోశాం కనుక కత్తికి పిడిబరువు ఎక్కువైంది. మొన గాలిలో తేలుతున్నట్లుంటుంది. కోసేచోట బరువు తెలియదు.

తోకను ఎలా తేలికచేయాలి?

తోక బలం తగ్గకుండా బరువు తగ్గించే మార్గం ఏమిటి? అలుగుమీద పనిచేసే బలం తోకను ఎక్కడ ఎక్కువగా వంచుతుందో ఆలోచించండి. సంధి దగ్గర. వెనక్కు పోయేకొద్దీ వంపు తగ్గుతూ, పిడి చివర దాదాపు ఏమీ ఉండదు. చెట్టుకొమ్మ మొదట లావుగా, చివర సన్నగా ఉండడానికి కూడా కారణం ఇదే. బలం అవసరం లేనిచోట ఇనుము ఎందుకు? సంధి దగ్గర 4 మి.మీ. ఉన్న తోకను పిడి చివరకు వచ్చేసరికి 1 మి.మీ. చేద్దాం.

ఇప్పుడు తోక సగటు మందం 2.5 మి.మీ. బరువు 54 గ్రాములు. లావువైపు బరువెక్కువ కనుక దాని గరిమనాభి కూడా సంధివైపుకు జరిగి 4.4 సెం.మీ. దగ్గరకు వస్తుంది. భ్రామకం 54 × 4.4 = 238. అలుగు భ్రామకం 235 కదా! ఇనుము మటుకు దాదాపు సంధి దగ్గరే నిలిచిందన్నమాట. ఇక మిగిలింది కర్ర బద్దల 192.5. మొత్తం బరువు 136 గ్రాములు. లెక్క వేస్తే గరిమనాభి సంధికి 1.4 సెం.మీ. వెనుక, సరిగ్గా చూపుడువేలి కింద పడుతుంది. కత్తి 32 గ్రాములు తేలికైంది. పట్టు కాస్త సడలించి చేయి సర్దుకొనేటప్పుడు మొన కిందికి వాలదు, పిడి కిందికి జారదు.

ఒక జాగ్రత్త. అలుగు వెడల్పు 3 సెం.మీ., తోకది 2.5 సెం.మీ. ఈ రెండూ కలిసేచోట లోపలి మూలను చతురస్రంగా కోయకూడదు. పదునైన మూల దగ్గర బలమంతా కేంద్రీకరించి, పగులు అక్కడే మొదలవుతుంది. ఆ మూలను గుండ్రంగా ఆకురాయితో రాయాలి.

అన్ని కత్తులకూ ఒకే తూకమా?

కాదు. చెక్కడానికి, తొక్క ఒలవడానికి, తాడు కోయడానికి కత్తిని వేళ్ళతో నడిపిస్తాం. అప్పుడు గరిమనాభి వేళ్ళ దగ్గరే ఉండాలి. కంప కొట్టే మచ్చుకత్తి, నేపాల్ గూర్ఖాల కుక్రీ వేరు. వాటిని విసురుతాం. విసిరినప్పుడు ముందువైపు బరువే దెబ్బకు బలం. అందుకే కుక్రీ అలుగు ముందుభాగంలో వెడల్పుగా ఉంటుంది. పనినిబట్టి తూకం. 'మంచి తూకం' అంటే సరిగ్గా మధ్యలో నిలవడం కాదు. చేయవలసిన పనికి తగినచోట నిలవడం.

ఉక్కు సంగతి

ఇనుములో కర్బనం కలిస్తే ఉక్కు. ఇటువంటి కత్తికి నూటికి 0.6 నుంచి 1 పాలు కర్బనం గల ఉక్కు తగినది. కమ్మరి దాన్ని కొలిమిలో ఎర్రగా, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడుదాకా కాలుస్తాడు. 770 డిగ్రీలు దాటితే ఇనుమును అయస్కాంతం ఆకర్షించదు. వేడి చాలిందో లేదో దీన్నిబట్టి కనిపెట్టవచ్చు. తరువాత నూనెలో ముంచి చల్లారుస్తాడు. అప్పుడది చాలా గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసు. కిందపడితే విరుగుతుంది. ఆ పెళుసుదనం పోవడానికి మళ్ళీ 200 డిగ్రీలకు పైగా మెల్లగా వేడిచేయాలి. మెరుగుపెట్టిన ఉక్కుమీద అప్పుడు లేత గడ్డిరంగు కనిపిస్తుంది. ఇంకా వేడెక్కి 300 డిగ్రీలకు చేరితే నీలం వస్తుంది, వాదర మెత్తబడుతుంది. ఉష్ణమాపకం లేకుండా కమ్మరి చదివే కొలమానం ఆ రంగే.

ఈ విద్యలో మన ప్రాంతానికి పాత పేరుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు పర్షియానుంచి వర్తకులు వచ్చేవారు. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అనే మాటే యూరపులో 'ఊట్జ్' అయిందని పండితుల అభిప్రాయం. ఆ ఉక్కును పరీక్షించినవారిలో మైకేల్ ఫారడే ఒకరు. 1819లో ఆయన దానిమీద పరిశోధన ప్రకటించాడు. తరువాతి కాలంలో విద్యుత్తు పరిశోధనలతో లోకప్రసిద్ధుడైన ఆ ఫారడే ఒక కమ్మరి కొడుకు.

మీరే చేసి చూడండి

ఉక్కు కత్తి చేయడం పెద్దల పని, కమ్మరి పని. మీరు అట్టతో చేయండి. ప్రయోగం నిజమైనదే, వేళ్ళు భద్రం.

అట్టమీద అలుగును మన కొలతలతోనే గీయండి: 3 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవుగల దీర్ఘచతురస్రం, దాని చివర 4 సెం.మీ. ఎత్తుగల త్రిభుజం. వెనుక తోకను 11 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పుతో గీసి ఒకే ముక్కగా కత్తిరించండి. తోక కొలతలతో మరో అట్టముక్క కోసి, తోకమీద అతికించండి. అలుగు అడ్డుకోత త్రిభుజం కనుక దాని సగటు మందం తోకలో సగమే. అందుకే అలుగుకు ఒక అట్ట, తోకకు రెండు. ఇప్పుడు దాన్ని పెన్సిల్‌మీద అడ్డంగా నిలబెట్టండి. కర్ర బద్దలు లేవు కనుక సంధికి సుమారు 1.8 సెం.మీ. వెనుక నిలవాలి.

తరువాత తోక రెండు అట్టలనూ కలిపి, సంధి దగ్గర 2.5 సెం.మీ. వెడల్పు ఉంచి, చివర 0.6 సెం.మీ.కు వచ్చేటట్లు రెండు పక్కలా సమానంగా ఏటవాలుగా కత్తిరించండి. అట్ట మందం తగ్గించలేం కనుక, వెడల్పు తగ్గించి అంతే బరువు తీసేశామన్నమాట. మళ్ళీ నిలబెట్టండి. ఈసారి పెన్సిల్ సంధి దగ్గరకు వస్తుంది. జిగురు ఎక్కువైతే లెక్క కొద్దిగా తప్పుతుంది; పలుచగా రాయండి.

ఒక ప్రశ్న

మన మొదటి కత్తిలో తోకను సన్నగా చేయకుండా, సంధికి 8 సెం.మీ. వెనుక తోకకు రంధ్రాలు వేసి 10 గ్రాముల ఇనుము తీసేశామనుకోండి. గరిమనాభి ఎక్కడికి జరుగుతుంది? ముందు మీరే చేసి, తరువాత జవాబు చూడండి.

జవాబు: తేడా 430.5 నుంచి 80 తగ్గి 350.5 అవుతుంది. బరువు 158 గ్రాములు. గరిమనాభి సంధికి 2.2 సెం.మీ. వెనుక ఉంటుంది. చూపుడువేలి కిందికి రావాలంటే ఇంకా ఇనుము తీయాలి. ఎంత తీయాలో, ఎక్కడ తీస్తే కత్తి బలం తగ్గదో మీ మిత్రులతో కలిసి లెక్కవేయండి.