ఏర్పాటు గురించి అబ్బాయికి



నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. యవ్వనస్థుల కూడికలో నువ్వు దేవుని ఏర్పాటు మీద మాట్లాడావని విని సంతోషించాను. ఆ తర్వాత చెప్పింది విని మనసు కష్టపడింది. "నేను యేసును అంగీకరించాను" అని సాక్ష్యం చెప్పేవాళ్ళకి అసలు సువార్తే తెలియదన్నావట. ఆ ఆదివారం ప్రభురాత్రి భోజనానికి బల్ల దగ్గరికి కూడా రాలేదట.

నువ్వు చదువుతున్నది తప్పు బోధ అని నేననను. 1689లో లండన్‌లో సంఘాలవాళ్ళు కూడి ఒప్పుకున్న, ఏర్పాటును బోధించే విశ్వాస ప్రమాణం మన బాప్టిస్టులదే. అయితే దానికి ఎనభై ఏళ్ళ ముందు, 1609లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్, థామస్ హెల్విస్ పెట్టిన సంఘమూ మనదే. క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడని నమ్మిన జనరల్ బాప్టిస్టులు వాళ్ళు. ఏర్పరచబడినవారి కోసమే చనిపోయాడన్న పర్టిక్యులర్ బాప్టిస్టులు తర్వాత, 1630లలో వచ్చారు. మనుషుల ఆత్మల మీద రాజుకి అధికారం లేదని 1612లో పుస్తకం రాసి హెల్విస్ న్యూగేట్ జైలు పాలయ్యాడు. నువ్వు సువార్త తెలియదంటున్న పక్షంవాడే ఆయన. పర్టిక్యులర్ పక్షం నుంచి జాన్ బన్యన్ బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్ళు గడిపాడు. వీళ్ళలో ఎవరికి కృప తెలియదంటావు?

సోహమ్ అనే ఊరి సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. అక్కడి చిన్న బాప్టిస్టు సంఘంలో 1770లో ఆండ్రూ ఫుల్లర్ అనే పదహారేళ్ళ రైతుబిడ్డ బాప్తిస్మం తీసుకున్నాడు. కొన్నాళ్ళకి సంఘసభ్యుడొకడు తాగుతున్నాడని తెలిసి, ఆ కుర్రవాడే వెళ్ళి మందలించాడు. నన్ను నేను ఆపుకొనే శక్తి నాలో లేదు, నేనేం చేయను అన్నాడా మనిషి. విషయం సంఘం ముందుకొచ్చింది. బయటికి కనబడే పాపం మానుకొనే శక్తి మనిషికి ఉందని కాపరి జాన్ ఈవ్ అన్నాడు. అలాగంటే కృపను తక్కువ చేసినట్టేనని సభ్యుల్లో కొందరు ఎదురుతిరిగారు. తాగినవాడి మాట పక్కకుపోయి శక్తి మీద వాదం ముదిరింది. చివరికి 1771లో కాపరి ఆ సంఘం విడిచి వెళ్ళిపోయాడు.

ఫుల్లర్ ఆ గొడవను మరిచిపోలేదు. తర్వాత తనే అక్కడ కాపరి అయ్యాడు. పాపిని పేరుపెట్టి క్రీస్తు దగ్గరికి పిలవడం ఏర్పాటు సిద్ధాంతానికి ఒప్పదని ఆ రోజుల్లో చాలామంది కాపరులు అనుకునేవారు. ఆయన ఏళ్ళ తరబడి లేఖనాలు వెదికి, సువార్త విన్న ప్రతి మనిషికీ నమ్మవలసిన బాధ్యత ఉందని 1785లో పుస్తకం అచ్చువేశాడు. మనిషికి చేతకానిది ఉంది నిజమే, కాని అది చేతులు లేని చేతకానితనం కాదు, ఇష్టం లేని చేతకానితనం, అందుకే దానికి అతనే జవాబుదారీ అన్నాడు. ఏర్పాటును ఆయన వదులుకోలేదు. 1792లో కెటరింగ్‌లో మిషనరీ సంఘం పెట్టినప్పుడు తొలి కార్యదర్శి ఆయనే. మరుసటి ఏడు ఆ సంఘం పంపగా బెంగాలుకు వచ్చిన విలియం కేరీయే 1814లో మన తెలుగుకి వ్యాకరణం రాశాడు. నాకు ఫుల్లర్ మాటే సరి అనిపిస్తుంది. రక్షణ మొదలయ్యేది దేవుని దగ్గరే, పిలుపు మాత్రం అందరికీ. నువ్వు నమ్మే సిద్ధాంతం నీ నోట ఈ పిలుపును ఆపేస్తుంటే ఎక్కడో పక్కదారి పట్టావని అర్థం.

మనవాళ్ళను కూడా నేను వెనకేసుకు రాను. ఎప్పుడో మీటింగుల్లో చెయ్యెత్తాను కాబట్టి నా రక్షణ ఎటూ పోదని ధీమాగా ఉండి, అన్నదమ్ములతో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు మన సంఘంలో ఉన్నారు. పరిశుద్ధుల స్థిరత్వం అంటే అది కాదు. దేవుడు నిలబెట్టినవాడు విశ్వాసంలో నిలబడి కనబడతాడు. ఈ మాట వాళ్ళకి గట్టిగా చెప్పు, నేను నీ పక్కనే ఉంటాను. హెబ్రీ 6 చూపించి రక్షణ పోగొట్టుకోవచ్చనే పెద్దలూ ఉన్నారు. వాళ్ళతో నాకు ఏకీభావం లేదు. అయినా భయభక్తులతో బతకడం నేను నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే.

ఒంగోలులో పెరిగినవాడివి, గుండ్లకమ్మ ఏటి సంగతి నీకు కొత్త కాదు. ధాతు కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. కూటి కోసం వస్తున్నారేమోనని కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఆ ఏటిలో బాప్తిస్మమిచ్చారు. వాళ్ళు నిర్ణయించుకొని వచ్చారా, దేవుడు ఏర్పరచుకొని రప్పించాడా? రెండూ నిజమే అని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. ఏర్పాటు గురించి రోమా 9 రాసిన పౌలే అందరికీ ఉన్న పిలుపు గురించి రోమా 10 కూడా రాశాడు. నువ్వు తొమ్మిది దగ్గరే ఆగిపోతున్నావు.

గట్టిగా నిలబడవలసిన చోట్లు వేరే ఉన్నాయి. నమ్మినవాడికే బాప్తిస్మం, సంఘం తన పని తానే నిర్ణయించుకోవడం, మనస్సాక్షి మీద ఏ అధికారీ కూర్చోకపోవడం. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు మన తెలుగు బాప్టిస్టులు అందులో కలవలేదు. అలాగని వాళ్ళు విశ్వాసులు కారని మనం అనలేదు. చిన్నప్పుడు చిలకరింపు పొందినవాళ్ళని బల్లకు రానివ్వాలా వద్దా అని బన్యన్, విలియం కిఫిన్ పుస్తకాలు రాసి మరీ వాదించుకున్నారు. ఇద్దరూ ఏర్పాటును నమ్మినవాళ్ళే. నువ్వు మాత్రం నమ్మి, నీతోబాటు అదే తొట్టిలో మునిగినవాళ్ళతో రొట్టె విరవనంటున్నావు. రానివ్వకూడదని పట్టుబట్టిన కిఫిన్ కూడా అంతదూరం వెళ్ళలేదు.

పాస్టరుగారికి ఈ వారమే నువ్వే ఫోన్ చెయ్యి. మీ నాన్న చేత చేయించకు. కూడికలో అన్న మాటకి అదే కూడికలో క్షమాపణ అడుగు. నీ సిద్ధాంతానికి కాదు, వాళ్ళ సాక్ష్యాన్ని కొట్టిపారేసినందుకు. వచ్చే నెల మొదటి ఆదివారం బల్లకు రా. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం, బైబిలు తెచ్చుకో. రోమా 9 నుంచి 11 దాకా కలిసి చదువుదాం. నీ అభ్యంతరాలన్నీ కాగితం మీద రాసుకొని రా, ఒక్కటీ దాటవేయను.

ప్రభువునందు,
మీ పెదనాన్న