చూడటం కూడా నేర్చుకునేదే

మేము పి.జి.లో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. సెలవులకు వెళితే, ఏం చదువుతున్నావని అమ్మ అడుగుతుంది. మనిషి ఎలా చూస్తాడో, ఎలా నడుస్తాడో చదువుతున్నామంటే నవ్వుతుంది. “కళ్ళుంటే చూస్తారు, కాళ్ళుంటే నడుస్తారు. దానికి చదువెందుకు?” అంటుంది. ఆమెకు చెప్పిన జవాబే ఈ వ్యాసం.

డి.ఎస్సీ.కి చదివే అన్నలకు ‘సంవేదన + అర్థం = ప్రత్యక్షం’ అనే బిట్టు కంఠతా వచ్చే ఉంటుంది. కంటిమీద వెలుతురు పడటం సంవేదన. అది గోడమీది బల్లి అని తెలియడం ప్రత్యక్షం. మొదటిది కన్ను చేసే పని, రెండవది మెదడు నేర్చుకోవలసిన పని.

పుట్టిన బిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుంది. చూపు మాత్రం మసక. 20 నుండి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తెలుస్తుంది, అంటే పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం. తరువాత మెడ నిలుస్తుంది, కూర్చుంటుంది, పాకుతుంది. 1960లో అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ఒక ప్రయోగం చేశారు. ఒకవైపు గట్టి బల్ల, మరోవైపు లోతు, పైన అంతా గాజు పలక. 6 నుండి 14 నెలల పిల్లలు 36 మందిని మధ్యలో ఉంచి తల్లులచేత పిలిపించారు. 27 మంది బల్ల వైపు పాకారు. లోతు వైపు వెళ్ళినది ముగ్గురే. పాకడం అలవాటయ్యాకే ఈ భయం వస్తుందని తరువాత తేలింది. అంటే లోతును చూసి భయపడటం నేర్పేది చేతులు, మోకాళ్ళు. నడక సంగతీ అంతే. నడక నేర్చే పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడతారని 2012లో కారెన్ అడాల్ఫ్ బృందం లెక్కించింది.

మన దేశంలోనే పవన్ సిన్హా ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ ద్వారా పుట్టుచూపు లేని పిల్లలకు ఆపరేషన్లు చేయించారు. కట్టు విప్పగానే, చేత్తో తడిమిన వస్తువు ఏదో కంటితో చూసి చెప్పలేకపోయారు. కొద్ది రోజులకే చెప్పగలిగారు.

నలభై దాటాక కంటి కటకం గట్టిపడి చత్వారం వస్తుంది. అమ్మ ఇప్పుడు సూదిలో దారానికి మమ్మల్నే పిలుస్తోంది. ముసలితనంలో సన్నని శబ్దాలు ముందు పోతాయి. వీటికి అద్దాలు, శుక్లాల ఆపరేషన్, వినికిడి యంత్రం ఉన్నాయి. పెద్దవాళ్ళకు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు. చిన్నపిల్లల కన్ను అలా ఆగదు.

మా బ్యాచ్ మిత్రుడొకరు ఒక ఉద్యోగానికి పరుగు, రాత పరీక్ష గెలిచి వైద్య పరీక్షలో ఆగిపోయాడు. కుడికన్ను మూయమంటే చార్టులో పై అక్షరం తప్ప కనబడలేదు. ఏళ్ళ తరబడి మా పక్కనే పడుకున్నాడు. మాకు తెలియదు, వాడికీ తెలియదు. క్యాచ్ వదిలేస్తే మేమంతా నవ్వేవాళ్ళం.

దీన్ని ‘లేజీ ఐ’ అంటారు. చిన్నప్పుడు ఒక కంటికి నంబరు ఎక్కువై అద్దాలు లేకపోతే, మెదడు ఆ మసక బొమ్మను పక్కనపెట్టి రెండో కంటితోనే నెట్టుకొస్తుంది. మెల్లకన్ను ఉన్నా ఇదే జరగవచ్చు. కన్ను బాగానే ఉంటుంది, చూడటమే నేర్చుకోదు. పిల్లికూనల మీద దీన్ని నిరూపించిన హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. చికిత్స ఖరీదైనదేమీ కాదు: అద్దాలు, రోజుకు కొన్ని గంటలు మంచి కంటికి పట్టీ. ఏడేళ్ళలోపయితే బాగా ఫలిస్తుంది. ఆ తరువాత ఫలితం తగ్గుతుంది గాని, పదిహేడేళ్ళ దాకా కొందరికి ఎంతోకొంత మెరుగవుతుందని పరిశోధనలున్నాయి. మన హాస్టల్లో ఉన్నదంతా ఆ వయసువాళ్ళే.

అందుకే వార్షికోత్సవం రోజు మేము కంటి చార్టు తెస్తున్నాం. భోజనాల హాల్లో గోడకు తగిలించి, ఆరు మీటర్ల దగ్గర సుద్దగీత గీస్తాం. ముందు మూడో తరగతివాళ్ళు రావాలి. ఒక్కో కన్నూ విడిగా చదవాలి. పక్కవాడు అందించకూడదు, వేళ్ళ సందుల్లోంచి తొంగిచూడకూడదు. తేడా కనబడినవారిని ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరకు మేమే తీసుకువెళతాం.