కొంగు దోపుకున్నవా వదినా?

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సకినాల పిండి పట్టించుదామని గిర్నికి పోయిన చెల్లె. నీకు తెలుసు గదా, ఆ బియ్యం నానబెట్టి ఆరబోసినంక తడి పూర్తిగ పోకముందే పట్టించాలె. ఎండిందంటే సకినం చుట్టు తిరగదు, పుటుక్కున తెగుతది. అందుకే ఊళ్లె ఆడోళ్లమంతా ఒక్క పూటే ఎగబడుతం. నా ముందు ఏడు డబ్బాలున్నయ్.

గిర్ని నడిపేది నాకు వరుసకు వదిన అయితది. ఒక చేత్తో పైన బియ్యం పోస్తది, ఇంకో చేత్తో కింద పిండి సంచి తడుతది, నడుమ ఎవరికెంత చిల్లర రావాలెనో నోటితోనే లెక్క చెప్తది. ఆ పూట పట్టా జారుతున్నట్టు చప్పుడైంది. మోటరు ఆపలేదు. వంగి చూసింది. భుజం మీది కొంగు జారింది.

నేను "వదినా" అనేలోపే కొంగు పుల్లీకి చుట్టుకపోయింది. మనిషి ముందుకు తూలింది, మెడ కాడ చీర బిగుసుకుంది. స్విచ్ యాడున్నది? అటు గోడకు, డబ్బాల వరుస వెనక. పదో తరగతి పిలగాడొకడు డబ్బాల మీదికెల్లి ఎక్కి దుంకి మెయిన్ గుంజిండు. పాత నూలు చీర గనక పర్రున చినిగింది. అదే నైలాన్‌దో, జార్జెట్‌దో అయితే ఏమయ్యేదో నేను రాయను, నువ్వు ఊహించకు.

వదిన మెడ తుడుచుకుంది. చాయ్ తాగింది. చినిగిన కొంగు ముడేసుకుని మళ్ల మోటరేసింది. "ఏందొదినా, జరసేపు కూసో" అంటే, "ఏడు డబ్బాలున్నయ్ గదా" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పెద్దమ్మ కొడుకు శంషాబాద్ ఎయిర్‌పోర్టుల విమానాలు రిపేరు చేసే కాడ పనిచేస్తడు. మా దిక్కు పిల్లలు చానమంది అటే డ్యూటీలకు పోతరు. 2008ల ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి మా ఇండ్లల్ల పొద్దు లెక్క మారిపోయింది, రాత్రి రెండింటికి టిఫిన్ డబ్బాలు కడతం. వాడు డ్యూటీ నుంచి రాంగనే గిర్ని ముచ్చట చెప్పిన. వాడు నవ్వలేదు. "అక్కా, మా కాడ ఒక్క పానా కనబడకపోతే విమానం కదలదు" అన్నడు.

ఎట్లనో చెప్పిండు. పనిముట్ల పెట్టెల ఒక్కో పానాకు దాని ఆకారంల గుంట కోసి ఉంటదట. పని అయినంక ఏ గుంట ఖాళీగ ఉన్నా దూరం నుంచే తెలుస్తది. ఇంజన్‌ల మర్చిపోయిన స్క్రూడ్రైవరు ఆకాశంల ఏం చేస్తదో వాళ్లకు తెలుసు గనక. బోల్టు ఇంత బిగువుకే తిప్పాలని కొలిచే టార్క్ రెంచి ఉంటది, దానికి తారీఖున్న స్టిక్కరు ఉంటది. తారీఖు దాటితే ఆ రెంచి మంచిగున్నా సరే ముట్టుకోవద్దు. చివరికి విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే డీజీసీఏ ఇచ్చిన లైసెన్సు ఉన్న ఇంజనీరే పెట్టాలె. రన్‌వే దిక్కు బండి తోలాలన్నా మన ఆర్టీఓ లైసెన్సు ఒక్కటే సాలదు, ఎయిర్‌పోర్టు వాళ్ల పర్మిట్ వేరే ఉండాలె.

"మరి మా వదిన?" అన్న.

"వదిననెవరు అడుగుతరక్కా" అన్నడు.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదనో తెల్వదు. తెల్లారి మా వీధిల లేబర్ కేసులు చూసే వకీలమ్మ ఇంటికి పోయి కూసున్న. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తీసి చదివించిన. చెల్లె, నువ్వు నమ్మవు, మా వదిన కొంగు ముచ్చట అండ్ల ఉన్నది! పేరు లేదు గంతే.

ఇరవై ఒకటో సెక్షన్ల తిరిగే భాగాలకు కంచె, అంటే జాలో మూతో ఉండాలన్నది. ఇరవై రెండోది ఇంకా సూటిగ ఉన్నది. పట్టాలు, పుల్లీలు తిరుగుతున్నంతసేపు వాటిని తుడిచే పని, నూనె పెట్టే పని ఆడోళ్లకు చెప్పొద్దు. తిరుగుతుండంగ చూడక తప్పని పని ఏదన్న ఉంటే, అదే పని నేర్చిన మగమనిషి చెయ్యాలె, ఒంటికి అతుక్కునే బట్టలేసుకోవాలె, ఆ బట్టలు యజమానే ఇయ్యాలె, అతని పేరు రిజిస్టర్ల రాసి ఉండాలె. ఇంకో మాట, తిరిగే పుల్లీ కాడ పదిహేను సెంటీమీటర్ల కంటె వెడల్పున్న పట్టాను ముట్టుకోనే వద్దు. ఇరవై నాలుగోదాంట్ల, ఏదన్న అయితే కరెంటు టక్కున బంద్ చేసే ఏర్పాటు పని నడిచే ప్రతి గదిల ఉండాలన్నది. డబ్బాల వెనక గోడకు కాదు.

ఎవరు రాసిన్రో గానీ, కొంగు ఎట్ల జారుతదో కళ్లతోని చూసి రాసినట్టే ఉన్నది. ఆడోళ్లను మిషన్ కాడికి రానియ్యకుండ చెయ్యడమెందుకు, మిషన్‌నే సక్కగ పెట్టొచ్చు గదా అని నాకొక కొట్లాట ఉన్నది ఈ సెక్షన్‌తోని. బట్టలు మగోళ్లకే ఎందుకియ్యాలె, మాకూ ఇయ్యొచ్చు గదా. ఆ కొట్లాట ఇంకోనాడు పెట్టుకుందం.

వకీలమ్మ కళ్లద్దాలు తీసి అన్నది, "ఇవన్నీ ఫ్యాక్టరీకి. మీ వదిన గిర్ని ఫ్యాక్టరీ కాదు." కరెంటు మీద నడిచే పనిల పదిమంది ఉంటేనే ఆ చట్టంల ఫ్యాక్టరీ. ఇప్పుడు ఆ చట్టం జాగల కొత్త కోడ్ వచ్చింది, 2020ల పార్లమెంటు పాస్ చేసింది, 2025 నవంబరు 21 నుంచి అమలు. అండ్ల పది కాస్తా ఇరవై అయింది. కరెంటు లేని పనికి ఇరవై ఉన్నది నలభై అయింది. మంచి ముచ్చట్లు కూడ ఉన్నయ్ అండ్ల, పనిల చేరినోళ్లకు కాగితం ఇయ్యాలె, కొందరినైతే ఏడాదికోసారి పైసల్లేకుండ డాక్టరుకు చూపియ్యాలె అని. కాని మా వదిన ఒక్కతే. ఇరవైమంది కావాలంటే ఇంకా పంతొమ్మిది మంది వదినలను తేవాలె.

పుల్లీకి లెక్కలు రావు చెల్లె. గదిల ఎందరున్నరని చూసి అది కొంగు పట్టదు.

మా ఊరి సంగతి ఇంకా చిత్రం. 1927ల కట్టిన హిమాయత్‌సాగర్ మాకు దగ్గరనే. ఆ నీళ్లు, ఉస్మాన్‌సాగర్ నీళ్లు పాడుకావద్దని 1996ల 111 జీవో తెచ్చి 84 ఊర్లల్ల కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు వద్దన్నరు. ఆ జీవో మీద తర్వాత ఎన్ని మాటలు నడిచినయో పేపర్ల చదివే ఉంటవు. నీళ్లకు అది మంచిదే, నేను కాదనను. పెద్ద ఫ్యాక్టరీ రాకుంటే మిషన్లు రాకుండ ఉంటయా? ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ముందు ఒక్కసారి రెండు దిక్కులా చూడు. వెల్డింగ్ షాపు, టైల్స్ కోసేటోళ్లు, చెరుకు రసం బండి, ఫామ్‌హౌజుల్ల గడ్డి కోసే మిషన్, ఫంక్షన్ హాల్ జనరేటరు, బర్లకాడ గడ్డి కత్తిరించే మిషన్. ఒక్కో కాడ ఇద్దరు, ముగ్గురు. ఎవ్వరూ ఇరవైమంది కారు.

పెద్దవాటిల మాత్రం అంతా సక్కగున్నదా అంటే అదీ లేదు. 2025 జూన్ 30న పాశమైలారంల ఏమైందో గుర్తుంది గదా. మందుల తయారీల వాడే పొడి చేసే ఫ్యాక్టరీల పేలుడు, 50 మందికి పైగా పోయిన్రు, కొందరి ఆనవాలు కూడ దొరకలేదు. మిషన్లు పాతగైనయని పనిచేసేటోళ్లు ముందే చెప్పిన్రని పోలీసు ఫిర్యాదుల వచ్చింది. లైసెన్సులు ఉండేటి చోటే గట్ల అయితే, లైసెన్సే అక్కర లేదన్న చోట ఎవరిని అడుగుదం?

ఒకసారి మాత్రం సర్కారు మనుషులను లెక్కబెట్టకుండ మిషన్‌నే చూసి చట్టం చేసింది. పంజాబ్, హర్యానా దిక్కు గోధుమలు నూర్చే మిషన్లల్ల పడి కూలోళ్ల చేతులు పోతుంటే 1983ల ప్రమాదకర యంత్రాల చట్టం అని తెచ్చిన్రు. నూర్పిడి మిషన్ తయారుచేసేటోడికి లైసెన్సు, అమ్మేటోడికి లైసెన్సు. పొలంల ఎంతమంది ఉన్నరన్నది దాని లెక్కల లేదు. పని మొదలుపెట్టే కాడ కాదు, మిషన్ అమ్మే కాడనే పట్టుకున్నరు. నాకు ఇది బాగ నచ్చింది. గిర్నికి కూడ గట్ల చేస్తే ఏం పోతది? జాలి లేకుండ మిషన్ అమ్మొద్దు అంటే వదిన ఎవరినీ బతిమాలే పని ఉండదు.

మా వీధిల వెల్డింగ్ పిలగాడిని అడిగిన, నీ కటింగ్ మిషన్‌కు రేకు మూత ఏది అని. "అది అడ్డమొస్తదక్కా, తీసేసిన" అన్నడు. చిన్న బ్లేడుకు చేసిన మిషన్‌కు కట్టె కోసే పండ్ల బ్లేడు పెట్టిండు. ఆ నాలుగంగుళాల మిషన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతది. కట్టెల ఇరికిందంటే ఎగిరి మీదికే వస్తది. వాడికి తెలుసు. తెలిసీ తీసిండు, ఎందుకంటే పని తొందరగ కావాలని ఒకరు నెత్తి మీద నిలబడతరు. ఆ నిలబడేది ఒక్కోసారి మనమే చెల్లె. "గేటు రేపటికి కావాలె" అని నేనే అన్న వాడితోని, కిందటి నెల.

ఇంట్ల చూస్తే మనమేం తక్కువ? కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నదా అని నాలుగు సార్లు తిప్పి చూస్తం. గ్రైండర్ ప్లగ్గుకున్న మూడో పుల్ల ఎర్తింగ్ కోసమని తెలిసీ, గోడకు రెండు బొక్కలే ఉంటే దాన్ని వంచి దూరుస్తం. నేను దూర్చిన. చేతులు తడిగ ఉండంగ జుమ్మంటే అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన.

సరే, మా వదిన ముచ్చట. నేను పోయి చట్టం చెప్తే వింటదా? వినలేదు. "నువ్వు చదివినవు, నాకు కిస్తీ ఉన్నది" అన్నది. తర్వాత ఎయిర్‌పోర్టుల పనిచేసే మా తమ్ముడిని తోలుకపోయిన, ఆదివారం. వాడు ఏం చట్టం చెప్పలేదు. పట్టాను నిదానంగ చూసిండు, కొలతలు రాసుకున్నడు, వెల్డింగ్ పిలగాడి కాడ జాలి చేయించిండు, కిందికి పైకి తీసి పెట్టుకునేటట్టు. స్విచ్ డబ్బాల వెనక నుంచి వదిన చెయ్యి కాడికి తెచ్చి పెట్టిండు, ఎర్రగ పెద్దగ ఉన్నది, మోచేత్తో కొట్టినా ఆగుతది. నాకు ఇంకోటి తోచింది, మా దగ్గర టైలరు కాడ ముందర గుండీలుండే మోకాళ్ల దాక అంగీ ఒకటి కుట్టించి ఇచ్చిన, చీర మీద ఏసుకోమని. వదిన అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆస్పత్రి నర్సు లెక్క ఉంటనేమో" అన్నది. ఏసుకుంది మాత్రం.

మొన్న జొన్నలు పట్టియ్యడానికి పోయిన. పుల్లీ జాలి వెనక తిరుగుతున్నది. పట్టా మళ్ల జారినట్టుంది, వదిన ఎర్ర స్విచ్ కొట్టింది, ఆగింది, అప్పుడు జాలి తీసింది. వరుసల ఉన్నోళ్లల్ల ఒకామె గొణిగింది, "అబ్బ, ఎంతసేపు" అని. వదిన తల ఎత్తలేదు.

నా డబ్బా తూచి ఇచ్చేటప్పుడు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ చెప్పింది.

"ఏందొదినా, రేటు పెంచినవా?"

"జాలి ఖర్చు రావాలె గదా" అన్నది.

ఇచ్చిన.