నల్ల ఖడ్గమృగము నెలవు

ఊరి పసులు ఉదయమున మేతకు పోయి సంధ్యవేళకు కొట్టము చేరుకొనును. అడవి మృగములకు కొట్టము లేదు, కాపరి లేడు. అట్లని అవి దిక్కు తోచక తిరుగునని తలచుట పొరపాటు. అవి మేయు పొదలు, త్రాగు నీటిపట్టు, ఎండవేళ విశ్రమించు నీడ, నడచు బాట వానికి బాగుగా తెలియును. ఇవియన్నియు చేరిన ప్రదేశమే మృగమునకు నెలవు. ఆఫ్రికాఖండమందలి నల్ల ఖడ్గమృగము నెలవు ఎంతటిదో, ఋతువులు మారినప్పుడు అది ఎట్లు సంచరించునో తెలిసినగాని ఆ జాతిని కాపాడుట సాధ్యము కాదు.

పేరునకు నల్లదే గాని దీని మేని రంగు బూడిదవన్నె. అస్సాములోని కాజీరంగ అడవియందు నివసించు ఖడ్గమృగమునకు ఒకటే కొమ్ము, దీనికి రెండు. అది ముఖ్యముగా గడ్డి మేయును. ఇది పొదల ఆకులను, రెమ్మలను తిని జీవించును. దీని పై పెదవి కొక్కెమువలె మొనదేలి యుండును. ఆ పెదవితో ముండ్లకొమ్మను లాగుకొని, కత్తిరించినట్లు కొరుకును. పెరిగిన మృగము 800 మొదలు 1,400 కిలోగ్రాముల వరకు తూగును. దీనికి చూపు మందము; వాసన పట్టుటయందును, చప్పుడు వినుటయందును మిక్కిలి నేర్పు కలదు.

1960వ దశాబ్దములో జాన్ గాడర్డ్ అను శాస్త్రజ్ఞుడు టాంజానియా దేశములోని గోరోంగోరో లోయలో ఈ మృగములను పరిశీలించెను. కొమ్ముల ఆకారము, చెవుల గుర్తులు మొదలైన ఆనవాళ్లచే ఒక్కొక్క మృగమును గుర్తించి, అది ఎచ్చటెచ్చట కనిపించినదో వ్రాసికొనెను. అచ్చటి నెలవులలో చిన్నది 3 చదరపు కిలోమీటర్లకు లోబడియుండగా, పెద్దది 40 చదరపు కిలోమీటర్లను మించియుండెను. సెరెంగెటి మైదానములో 100 చదరపు కిలోమీటర్లకు మించిన నెలవులు కూడ కలవు. నమీబియా దేశపు వాయవ్యభాగమున కునేనె అను ఎడారిసీమ కలదు. అచ్చట ఒక్క మృగమే కొన్ని వందల చదరపు కిలోమీటర్లు సంచరించును.

ఒకే జాతికి ఇంత భేదము ఏల? మేతయు, నీరును దగ్గరగా లభించుచోట దూరము నడువ నక్కరలేదు. పొద పొదకును నడుమ రాళ్లును, ఇసుకయు మాత్రమే యున్నచోట కడుపు నిండుటకు ఎంతో దూరము నడువవలెను. నెలవు వైశాల్యము భూమి పేదరికమునకు కొలత వంటిది.

సెరెంగెటిలో లక్షలాది వైల్డ్‌బీస్టులు వానలను వెంబడించి ప్రతి సంవత్సరము వలసపోవును. ఖడ్గమృగము అట్లు పోదు. తన నెలవుననే ఋతువునకు తగినట్లు మెలగును. వానకాలమున ఎక్కడికక్కడ గుంటలు నిండును, లేత చిగుళ్లు పుట్టును. అప్పుడు అది నీటిపట్టును విడిచి దూరముగా మేయగలదు. ఎండకాలమున గుంటలు ఇంకిపోగా, ఊటల దరికి చేరి, సాధారణముగా రాత్రివేళ నీరు త్రాగును. మేత కొరవడిన చోట్ల ఎండకాలముననే ఎక్కువ దూరము తిరుగుటయు కలదు. కునేనెలో విషపు పాలు గల ఒక జాతి జెముడును సైతము ఇది తినును. దాని రసమువలన దేహమునకు కొంత తేమ లభించును.

తల్లి సుమారు 15 నెలలు మోసి ఒక్క పిల్లను కనును. తల్లి ముందు నడువగా పిల్ల వెనుక నడచును. రెండు మొదలు నాలుగు సంవత్సరములు తల్లితోనే తిరుగుచు, నీటికి పోవు బాటలను, తినదగిన పొదలను అది ఎరుగును.

తెలిసిన బాటనే మరల మరల నడచుట ఈ మృగమునకు ప్రాణాధారము. అదియే దానికి ప్రాణాపాయమును తెచ్చినది. అది నీటికి ఎచ్చటికి వచ్చునో ఎరిగిన దొంగవేటగాడు అచ్చటనే పొంచియుండును. వాడు కోరునది కొమ్ము. ఆ కొమ్ము మన గోళ్లయందును, వెండ్రుకలయందును ఉండు పదార్థముతోనే ఏర్పడినది. దానికై జరిగిన వేటవలన, 1970 ప్రాంతమున సుమారు 65,000 ఉన్న నల్ల ఖడ్గమృగములు 1995 నాటికి సుమారు 2,400కు తగ్గిపోయెను. కొమ్ముల అంతర్జాతీయ వ్యాపారము 1977లోనే నిషేధింపబడినను వేట ఆగలేదు. పశ్చిమ ఆఫ్రికాయందలి ఉపజాతి నశించినదని 2011లో ప్రకటింపబడినది.

వేటగాడు ఎరిగిన రహస్యమునే రక్షకులును నేర్చుకొనిరి. కునేనెలో 1982లో ఒక రక్షణసంస్థ స్థాపింపబడెను. అందలి జాడగాండ్రు నీటిపట్టుల కడకు పోయి అడుగుజాడలను వెదకుదురు. ఆ జాడను పట్టుకొని కొండలు, వాగులు దాటి పోవుదురు. మృగము కనబడగానే గాలివాలు చూచుకొని దూరముననే నిలిచి, కొమ్ములను, చెవులను పరిశీలించి వివరములు వ్రాసికొందురు. వారి రాకపోకలు తరచుగా ఉన్నచోట దొంగవేటగాడు నిర్భయముగా తిరుగజాలడు.

ఒక అడవిలో మృగములు మితిమీరి పెరిగినచో మేత చాలదు, పోరాటములు హెచ్చును. అందుచేత 2003 మొదలు దక్షిణాఫ్రికాలో కొన్నింటిని క్రొత్త తావులకు తరలించుచున్నారు. బండ్లు పోలేని చోట మత్తుమందిచ్చి, కాళ్లకు పట్టీలు కట్టి, హెలికాప్టరునకు తలక్రిందుగా వ్రేలాడదీసి కొనిపోవుదురు. క్రొత్త అడవి ఎన్ని మృగములకు చాలునో నెలవుల లెక్కను బట్టియే నిర్ణయింతురు. ఇట్టి కృషివలన 2022 చివరకు వాని సంఖ్య సుమారు 6,500కు పెరిగెను.

మృగమును చంపకుండుటతోనే రక్షణ ముగియదు. అది మేయు పొద, త్రాగు ఊట, తల్లి చూపిన బాట నిలిచినప్పుడే ఆ మృగము నిలుచును.