కోఠీ రెసిడెన్సీ భవన చరిత్ర

జైపూరు ప్రాంతమున పెద్ద ఇల్లనగానే వృద్ధులకు గడీ జ్ఞప్తికి వచ్చును. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజా, లోనికి పోవుటకు జంకు. అట్టి గడీలనెల్ల మించిన భవనమొకటి హైదరాబాదులో మూసీనదికి ఉత్తరమున గలదు. ఉర్దూలో కోఠీ యనగా పెద్ద భవనము. ఆ యింటినిబట్టియే ఆ ప్రాంతమునకు కోఠీ యను పేరు కలిగినది.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైనికసంధి చేసికొనెను. అది మొదలు కంపెనీ ప్రతినిధియగు రెసిడెంటు మాటకు దర్బారులో బలము హెచ్చినది. ఆ సంధిని కుదిర్చిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తన హోదాకు తగిన భవనము కట్టదలచెను. స్థలముకొరకు ఆయన పెద్ద కాగితముపై గీయించిన పటమును చూపగా నిజాము నిరాకరించెనట. అది తన రాజ్యపటమంత యుండుటచే, అడిగిన భూమియు అంతే కాబోలునని ఆయన భయపడెనట. చిన్న అట్టముక్కపై గీసి చూపగా వెంటనే సమ్మతించెనని చెప్పుదురు. జరిగిన చరిత్రను చూచినచో, ముసలి ప్రభువు భయము వట్టిది కాదనిపించును.

1803 ప్రాంతమున పని ప్రారంభమయ్యెను. నమూనా గీసినవాడు శామ్యూల్ రస్సెల్ అను సైనిక ఇంజనీరు. వ్యయము భరించినది మాత్రము నిజాము ఖజానా. ముందువైపున ఆరు మహాస్తంభములు, మెట్లకిరువైపుల సింహములు, లోపల విశాలమైన దర్బారు హాలు గలవు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీనకుటుంబమునకు చెందిన ఖైరున్నీసాను వివాహమాడెను. ఘోషాలోనున్న ఆమె చూచుటకై భవనముయొక్క చిన్న ప్రతిరూపమును తోటలో కట్టించెనని ప్రతీతి. అది నేటికిని ఉన్నది. కాని 1805లోనే ఆయన కలకత్తాలో మరణించెను.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వమున తిరుగుబాటుదారులు ఈ భవనముపై దాడి సలిపిరి. కంపెనీ ఫిరంగుల ముందు వారు నిలువలేకపోయిరి. మౌల్వీని అండమానుకు పంపిరి. తుర్రెబాజ్ ఖాన్ 1859లో చంపబడెను.

1947లో ఆంగ్లేయులు వెడలిపోగా, 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇచటికి వచ్చెను. దర్బారు సాగిన చోట పాఠములు సాగినవి. పైకప్పులు, గచ్చు చెడిపోవుటచే, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీనిని ప్రమాదస్థితిలోనున్న కట్టడముల జాబితాలో చేర్చెను. పిమ్మట భవనమును చాలవరకు బాగుచేసిరి. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైనది. పాలకుర్తిలో తన పొలమును, పంటను దొరల పాలుగానీయక నిలిచిన చాకలి ఐలమ్మ పేరు 2024లో దానికి పెట్టబడినది.